పారేయబోయిన చెక్కలో పాట

లండన్ శివార్లలోని ఫెల్తాంలో 1963లో ఒక పదహారేళ్ల కుర్రాడు ఎలక్ట్రిక్ గిటార్ కోసం తహతహలాడాడు. దుకాణాల్లో మెరిసే గిటార్లను కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. అయితే తండ్రి హెరాల్డ్‌కు ఎలక్ట్రానిక్స్ తెలుసు, చెక్కపని తెలుసు. కొనలేనిదాన్ని సొంతంగా చేసుకుందామని తండ్రీకొడుకులిద్దరూ పూనుకున్నారు. తెలిసినవాళ్లు పారేయబోతున్న వందేళ్లనాటి చలిమంట గూటి చెక్క గిటార్ మెడ అయింది. దానికి పట్టిన పురుగు రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. పాత బల్ల చెక్క గిటార్ ఒంట్లో చేరింది. పాత మోటారు సైకిల్ స్ప్రింగులు, సైకిల్ సంచీని మోసే ఇనుప కడ్డీ, అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు, ఆమె అల్లిక సూది కొన కూడా అందులో అమరిపోయాయి. ఇదంతా పూర్తవడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఆ కుర్రాడే తరువాత 'క్వీన్' బృందం గిటారిస్టుగా ప్రపంచమంతటికీ తెలిసిన బ్రయాన్ మే. 2002లో బకింగ్‌హాం ప్యాలెస్ పైకప్పు మీద నిలబడి ఆయన వాయించింది కూడా ఆ ఇంట్లో చేసిన గిటార్‌నే!

ఈ రోజుల్లో అంత కష్టపడి సామాన్లు వెతకనక్కర్లేదు. గిటార్ కిట్లు దొరుకుతున్నాయి. ఆకారానికి కోసిన చెక్క ఒళ్లు, ఫ్రెట్లు బిగించిన మెడ, పికప్‌లు, తీగలను బిగించే మరలు, వైర్లు అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. ఈ సౌకర్యం వెనక లియో ఫెండర్ అనే అమెరికన్ ఆలోచన ఉంది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన ఆయన 1950లో ఒక గిటార్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. తరువాత 'టెలికాస్టర్' పేరుతో అది ప్రసిద్ధమైంది. మెడను జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించడం దాని ప్రత్యేకత. విడిభాగాలుగా చేసి, ఆపై జోడించే ఆ పద్ధతి మీదే నేటి కిట్లలో చాలా భాగం ఆధారపడ్డాయి. విచిత్రమేమిటంటే ఆయనకు గిటార్ వాయించడం రాదు! తాను వాయించలేని వాద్యాన్ని ఇతరుల కోసం శ్రద్ధగా చేసిపెట్టాడు.

కిట్ కొంటే డబ్బు మిగులుతుందనుకుంటే మాత్రం పొరపాటే. రంగు, ఉప్పుకాగితం, సోల్డరింగ్ ఐరన్, కొలత సామాన్లు అన్నీ లెక్కేస్తే తయారైన మామూలు గిటార్ ధరకు అటూ ఇటూగా తేలుతుంది. కాబట్టి దీన్ని చేయాల్సింది పొదుపు కోసం కాదు, నేర్చుకోవడం కోసం.

పెట్టె విప్పగానే రంగు డబ్బా మూత తీయకూడదు. ముందుగా భాగాలన్నిటినీ ఒట్టిగా అమర్చి చూసుకోవాలి. మెడ గాడిలో సరిగా కూర్చుందా? తీగలు మెడకు రెండు అంచులా సమానమైన ఎడంతో సాగుతున్నాయా? అన్నిటికన్నా ముఖ్యం బ్రిడ్జి ఎక్కడ బిగించాలన్నది. ఫెండర్ తరహా గిటార్‌లో తలవైపు నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 25.5 అంగుళాలు. సరిగ్గా దాని సగంలో, అంటే 12.75 అంగుళాల దగ్గర, పన్నెండో ఫ్రెట్ ఉండాలి. తీగ సగమైతే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది. బ్రిడ్జి కాస్త పక్కకు జరిగితే ఎంత మంచి చెక్కయినా, ఎంత ఖరీదైన పికప్ అయినా పాట అపశ్రుతే. రంధ్రం వేశాక దిద్దడం కష్టం, వేయకముందు కొలవడం తేలిక! జీవితంలో ఎన్ని విషయాలకు ఈ మాట వర్తించదు?

తరువాత ఉప్పుకాగితం పని. మొదట 120 నంబరు, ఆపై 220, చివరికి 320 లేదా 400 నంబరుతో, చెక్క పోగు వెంట ఒకే దిశలో రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు అప్పుడు కనబడవు, రంగు పడ్డాకే బయటపడతాయి. రంగును పలుచటి పూతలుగా వేసి, ఒక్కొక్క పూతనూ పూర్తిగా ఆరనివ్వాలి. కొన్ని రంగులు గట్టిపడడానికి వారాలు పడతాయి. కుర్రాళ్ల ఓపికకు అసలు పరీక్ష ఇక్కడే. తొందరపడి తీగలు బిగిస్తే వేలిముద్రలు రంగులో శాశ్వతంగా మిగిలిపోతాయి. చెక్క పొడి, రంగు ఆవిరి ఊపిరితిత్తులకు మంచివి కావు గనుక ముక్కుకు మాస్కు, గదికి తెరిచిన కిటికీ తప్పనిసరి.

ఇక వైరింగ్. ఎలక్ట్రిక్ గిటార్‌కు చెవి పికప్. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి దాన్ని చేస్తారు. దాని పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదిలి, రాగి చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తునే ఆంప్లిఫయర్ శబ్దంగా పెంచుతుంది. ఈ సూత్రాన్ని 1831లో కనుగొన్నవాడు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు, పెద్ద చదువులు లేక పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పనికి కుదిరినవాడు. లండన్‌లోని ఒక చిన్న క్రైస్తవ సంఘంలో పెద్దగా సేవ చేసినవాడు. ఆరాధనలో మనవాళ్లు మోగించే ప్రతి ఎలక్ట్రిక్ గిటార్‌లోనూ ఆ విశ్వాసి పరిశోధన దాగి ఉంది.

సోల్డరింగ్‌లో రహస్యం ఒక్కటే. టంకాన్ని కాదు, అతకాల్సిన చోటును వేడిచేయాలి. చోటు వేడెక్కితే టంకం దానంతటదే పారి పట్టుకుంటుంది, లేకపోతే ముద్దగా పైన నిలిచి రేపో మాపో ఊడిపోతుంది. బ్రిడ్జికి వెళ్లే ఎర్త్ వైరును మరువకూడదు. అది లేకపోతే గిటార్ తుమ్మెదలా రొద పెడుతుంది.

మన సంఘాలు గట్టిగా పట్టించుకోవాల్సిన మాట ఒకటుంది. గిటార్‌లో పుట్టే విద్యుత్తు ప్రమాదకరం కాదు. ప్రమాదమంతా ఆంప్లిఫయర్, మైకుల కరెంటు కనెక్షన్లలో ఉంటుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు ఎర్త్ సరిగా లేని మైకును తాకి వేదిక మీదే ప్రాణాలు కోల్పోయాడు. పందిళ్లలో, కూటాల్లో మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల బోర్డులో ఎలాగో దూర్చి పని కానిచ్చేస్తుంటారు. తడి నేల మీద, చెప్పుల్లేకుండా, ఒక చేత్తో గిటార్ తీగలు, మరో చేత్తో మైకు పట్టుకునేది మన పిల్లలే! సౌండ్ బాక్సులకు వేలు ఖర్చుపెట్టే సంఘం ఎర్తింగ్ సరిచూసే ఎలక్ట్రీషియన్‌కు కొద్దిపాటి కూలి ఇవ్వడానికి వెనకాడకూడదు.

తీగలు బిగించాక శ్రుతి పని మొదలవుతుంది. మెడలోని ఇనుప కడ్డీని ఒక్కోసారి పావు చుట్టుకు మించి తిప్పకూడదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు సుమారు 2 మిల్లీమీటర్లుంటే వేళ్లకు సుఖం. అక్కడ నొక్కి మీటిన స్వరం, నొక్కకుండా తాకి పలికించిన స్వరం ఒక్కటి కావాలి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే బ్రిడ్జి మీది శాడిల్‌ను వెనక్కి జరపాలి. ఇలా ఆరు తీగలకూ విడివిడిగా చేయాలి. ఒక తీగ శ్రుతి మరో తీగకు సరిపోదు, పిల్లల్లాగే!

బ్రయాన్ మే కథలో చాలామందికి తెలియని భాగం ఒకటుంది. గిటార్ చేయడంలో పక్కనే కూర్చున్న ఆ తండ్రే, కొడుకు ఖగోళశాస్త్ర పరిశోధన వదిలి సంగీతంలోకి వెళ్లినప్పుడు జీర్ణించుకోలేకపోయాడు. ఏడాదికి పైగా ఇద్దరి మధ్యా మాటలు దాదాపు కరువయ్యాయి. 1977లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన కచేరీకి కొడుకు తల్లిదండ్రులను పిలిపించుకున్నాడు. అది చూశాక గాని తండ్రి మనసు మెత్తబడలేదు. మధ్యలో ఆపిన డాక్టరేట్‌ను 2007లో బ్రయాన్ పూర్తి చేశాడు గాని, ఆ రోజు చూడడానికి తండ్రి లేడు. ఆయన 1988లోనే కన్నుమూశాడు.

పాత నిబంధనలోని ఆఖరి గ్రంథం ముగిసేది తండ్రీబిడ్డల హృదయాలు ఒకరివైపు ఒకరు తిరగడం గురించిన వాగ్దానంతోనే, అది జరగకపోతే వచ్చే శాపాన్ని గూర్చిన హెచ్చరికతోనే. ఆ మాట ఎంత బరువైనదో మన ఇళ్లను చూస్తే తెలుస్తుంది. గిటార్ పట్టుకుంటే చదువు అటకెక్కుతుందని భయపడే తండ్రులున్నారు. నాన్నకు ఏమీ అర్థంకాదని గది తలుపు వేసుకునే పిల్లలున్నారు. ఇద్దరి భయంలోనూ ఎంతో కొంత నిజం ఉంది. కానీ మూసిన తలుపుకు రెండువైపులా నిలబడితే ఏ నిజమూ తేలదు.

ప్రత్యక్ష గుడారపు పనికి దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపింది ప్రసంగం చేయడానికి కాదు, లోహం మలచడానికి, రాళ్లు పొదగడానికి, చెక్క చెక్కడానికి! మన ప్రభువు కూడా వడ్రంగి ఇంట్లోనే పెరిగాడు. చేతిపని దేవుని దృష్టిలో ఎన్నడూ చిన్నది కాలేదు. కాబట్టి ఈ సెలవుల్లో మీ అబ్బాయో, అమ్మాయో ఉప్పుకాగితం పట్టుకుని వరండాలో కూర్చుంటే, మార్కుల ఊసు కాసేపు పక్కన పెట్టి, వెళ్లి ఆ చెక్కకు రెండో కొస పట్టుకోండి. గిటార్ ఎలా మోగుతుందన్నది తరువాతి సంగతి. ముందు మీ ఇద్దరి శ్రుతి కలుస్తుంది.