ఊరికీ, కొండదారికీ ఒకే సైకిలు

మౌంటెన్ బైక్ అనగానే మన విద్యార్థి మిత్రులకు లావు టైర్లు, స్ప్రింగు ఫోర్కు, మెరిసే రంగు గుర్తుకొస్తాయి. దుకాణంలో బేరమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. హాస్టల్లో ఎవరు సైకిలు కొనబోయినా నన్ను తోడు పిలవడం రివాజు. అక్కడ నేనేం చూస్తానో ఈ సంచికలో రాయమని మిత్రులు కోరగా ఈ నాలుగు మాటలు.

ముందు కాస్త చరిత్ర. ఈ సైకిలు జన్మస్థలం అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు టమల్పాయస్ కొండ. 1970 దశకంలో అక్కడి కుర్రాళ్లు 1930, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్ల మీద మట్టిదారుల్లో దిగేవారు. 1976లో మొదలైన వారి పందెం పేరు ‘రీప్యాక్’. కిందికి చేరేసరికి వెనుక హబ్ బ్రేకులోని గ్రీజు కాలి పొగయ్యేది. మళ్లీ నింపాల్సి వచ్చేది. అందుకే ఆ పేరు! 1977లో జో బ్రీజ్ ఈ పనికే ప్రత్యేకంగా ఫ్రేము తయారు చేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘స్టంప్‌జంపర్’ను బజారులోకి తెచ్చింది. కాబట్టి ఈ బండి కథ బ్రేకుతో మొదలైంది. మన ఎంపికా అక్కడే మొదలవ్వాలి.

బ్రేకులు: విశాఖపట్నంలో సిరిపురం నుంచి బీచ్ రోడ్డుకు దిగేవారికి బ్రేకు విలువ వేరే చెప్పనక్కర్లేదు. రిమ్మును పట్టే బ్రేకు వానలో జారుతుంది. డిస్క్ బ్రేకు తడిలోనూ బాగా పట్టుతుంది. డిస్కులో కేబుల్ రకం, ఆయిల్ రకం అని రెండున్నాయి. ఆయిల్ రకం వేలితో నొక్కితే చాలు, కానీ చెడితే తెలిసిన మెకానిక్కు కావాలి. హాస్టల్ జీవికి కేబుల్ రకమే మేలని నా అభిప్రాయం.

స్ప్రింగులు: వెనుక కూడా స్ప్రింగు ఉన్న చౌక బండి జోలికి పోవద్దు. బరువెక్కువ, పైగా తొక్కే బలం కొంత బండి ఊగడానికే ఖర్చయిపోతుంది. ముందు ఫోర్కు 80 నుంచి 100 మిల్లీమీటర్లు కదిలితే మన అవసరానికి ధారాళం. తారురోడ్డు మీద ఆ కదలికను బిగించే మీట, అనగా లాకౌట్, ఉంటే మరీ మంచిది.

టైర్లు: రెండంగుళాల వెడల్పు చాలు. మధ్యలో ముళ్లు దగ్గరగా, అంచున లోతుగా ఉన్నది ఎంచుకోండి. ఊళ్లో సాఫీగా పోతుంది, మట్టిలో పట్టు ఇస్తుంది. గాలి ఎంతవరకు పట్టించవచ్చో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. రోడ్డుకు ఆ హద్దులోపే గట్టిగా, మట్టిదారికి కాస్త తగ్గించి పట్టించాలి. స్కూటరు రకం వాల్వు ఉంటే పెట్రోలు బంకులోనూ పని జరిగిపోతుంది.

గేర్లు: ‘21 గేర్లు’ అన్న అంకె చూసి మోసపోకండి, పళ్లు లెక్కపెట్టండి. ముందు 42, వెనుక 14 పళ్లయితే పెడల్ ఒక చుట్టుకు చక్రం మూడు చుట్లు తిరుగుతుంది, 27.5 అంగుళాల చక్రంతో దాదాపు ఆరున్నర మీటర్లు పోతాం. ముందు 24, వెనుక 28 అయితే రెండు మీటర్లకు కాస్త తక్కువ. కైలాసగిరి ఎక్కేటప్పుడు మోకాళ్లను కాపాడేది ఈ రెండో లెక్కే.

కొలత: ఫ్రేముకు అటూ ఇటూ కాళ్లు నేలకానించి నిలబడితే పై గొట్టానికీ మనకూ మధ్య రెండు మూడంగుళాల సందుండాలి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. తొక్కి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఇంటినుంచి వచ్చే డబ్బు అంతా బండికే పోయకుండా హెల్మెట్టుకు, తాళానికి, లైటుకు ముందే తీసి పెట్టండి. మన ఊళ్లో సముద్రపు గాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. చైను తరచు తుడిచి నూనె వెయ్యండి. ఇంకొక్క మాట: భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు భౌగోళిక వారసత్వ సంపద. వాటిని నడిచి చూడాలే గాని, మీదికి చక్రాలు ఎక్కించరాదు.

మిత్రులారా! రంగు రెండేళ్లకు వెలుస్తుంది. బ్రేకు, కొలత సరిగ్గా కుదిరిన సైకిలు మాత్రం డిగ్రీ చేతికొచ్చాక కూడా మనతో వస్తుంది.