మతాంతర వివాహం - చట్టం

భారతదేశంలో వివాహాలన్నింటికీ వర్తించే ఒకే శాసనం లేదు. బౌద్ధ, జైన, సిక్కులతో సహా హిందువులకు 1955 నాటి హిందూ వివాహ చట్టం, క్రైస్తవులకు 1872 నాటి చట్టం, ముస్లింలకు షరియత్ ప్రమాణాలు. వధూవరులు భిన్నమతస్థులైనప్పుడు వారి వివాహాన్ని ఏ శాసనం గుర్తిస్తుందన్న ప్రశ్న తలెత్తుతుంది.

ఆ ప్రశ్న ఎంత తీవ్రమైనదో ఆంధ్రదేశంలోని ఒక వ్యాజ్యం తెలుపుతుంది. 1996లో ఒక క్రైస్తవ యువకుడు, ఒక హిందూ యువతి దేవాలయంలో వివాహం చేసుకున్నారు. హిందూ వివాహ చట్టం క్రింద రిజిస్ట్రేషన్ కూడా జరిగింది. తరువాత ఆ వివాహం చెల్లదని ప్రకటించవలసిందిగా భార్య విశాఖపట్నం కుటుంబ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. అక్కడ తిరస్కృతమైన ఆమె అభ్యర్థనను హైకోర్టు ఆమోదించింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయపరచింది. హిందూ వివాహ చట్టం ప్రకారం వధూవరులిద్దరూ హిందువులై ఉండాలి. చేతిలో ఉన్న రిజిస్ట్రేషన్ పత్రం ఆ లోపాన్ని పూరించలేకపోయింది. విచిత్రమేమంటే, క్రైస్తవ వివాహ చట్టం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా అంగీకరిస్తుంది. మతభేదమొక్కటే కారణంగా ఆ చట్టం వారిని త్రోసిపుచ్చి ఉండేది కాదు.

ఇస్లామీయ న్యాయం వేరొక మార్గంలో నడుస్తుంది. సున్నీ సంప్రదాయంలో ముస్లిం పురుషుడు క్రైస్తవ, యూదు స్త్రీలను వివాహమాడవచ్చు. విగ్రహారాధకురాలితో జరిగిన వివాహం క్రమరహితమే గాని మొదటినుండీ చెల్లనిది కాదు. అట్టి వివాహం వలన కలిగిన సంతానానికి తండ్రి ఆస్తిలో హక్కు ఉన్నదని, భార్యకు మాత్రం వారసత్వం లేదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ చిక్కులేవీ లేకుండా, ఎవరి మతంలో వారుంటూనే దంపతులు కాగల మార్గం 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దీని పూర్వరూపం కేశవచంద్రసేన్ కృషి ఫలితంగా 1872లో వెలువడింది. అయితే దాని క్రింద వివాహమాడదలచినవారు హిందూ, ముస్లిం, క్రైస్తవాది మతాలలో దేనినీ తాము అవలంబించడం లేదని ప్రకటించవలసి ఉండేది. దైవభక్తి గలవారు అబద్ధమైనా ఆడాలి, పెళ్ళైనా మానుకోవాలి! 1923 సవరణ హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులకు ఈ నిబంధన సడలించింది. 1954 చట్టం అందరికీ తొలగించింది.

ఈ చట్టం ప్రకారం వరునికి 21, వధువుకు 18 సంవత్సరాలు నిండాలి. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. దానిని కార్యాలయంలో అందరికీ కనబడేటట్లు ప్రదర్శిస్తారు. 30 రోజులలో ఎవరైనా అభ్యంతరం తెలుపవచ్చు. మతభేదం అభ్యంతరం కాజాలదు. వయస్సు చాలకపోవడం, మునుపటి భార్య గాని భర్త గాని జీవించి ఉండడం వంటివే పరిగణనకు వస్తాయి. పిమ్మట ముగ్గురు సాక్షుల ఎదుట వివాహం జరుగుతుంది. పెద్దల అంగీకారం లేని జంటకు నిజమైన పరీక్ష ఆ 30 రోజులే. కార్యాలయం గోడ మీది కాగితం ఇంటివారి కంటబడటానికి ఒక్కరోజు చాలు. వధూవరులు కోరితే తప్ప నోటీసును ప్రచురించనవసరం లేదని 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు ఉత్తరప్రదేశ్ అధికారులను ఆదేశించింది.

ఆస్తి విషయంలో మరొక మెలిక ఉన్నది. అవిభక్త కుటుంబంలోని హిందువు ఈ చట్టం క్రింద వివాహమాడితే కుటుంబం నుండి విడిపోయినట్లే లెక్క. వారసత్వానికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వధూవరులిద్దరూ హిందువులైతే ఈ నియమాలు వర్తించవని 1976లో సవరించారు. భిన్నమతస్థుల విషయంలో అవి నేటికీ అమలులో ఉన్నాయి.