కాలా అజార్‌ను పట్టిచ్చే ప్రోటీన్ ముక్క

కాలా అజార్ జ్వరాన్ని నిర్ధారించాలంటే ఒకప్పుడు రోగి ప్లీహంలోకో ఎముక మజ్జలోకో సూది గుచ్చి, వచ్చిన ద్రవంలో లీష్మానియా పరాన్నజీవి కోసం సూక్ష్మదర్శినిలో వెతకాల్సి వచ్చేది. ప్లీహంలో గుచ్చితే అరుదుగానైనా లోపల రక్తస్రావమై ప్రాణం మీదికి వచ్చేది. ఇసుక ఈగ కాటుతో సోకే ఈ జబ్బు మన దేశంలో బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, తూర్పు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఎక్కువగా పేదలకే వస్తుంది. అలాంటి పరీక్ష చేయగల ఆసుపత్రి వారికి అందుబాటులో ఉండటం అరుదు.

పరాన్నజీవి ఒంట్లో చేరాక శరీరం దాని ప్రోటీన్ల మీద యాంటీబాడీలను తయారుచేస్తుంది. కాబట్టి ఆ ప్రోటీన్ చేతిలో ఉంటే చాలు, రక్తంలో యాంటీబాడీలు ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది. పరాన్నజీవినే పెంచి, పగలగొట్టి వాడితే ఇతర సూక్ష్మజీవులను పోలిన ప్రోటీన్లు కూడా అందులో కలిసి, వేరే జబ్బులవారికీ ఈ జబ్బే ఉన్నట్టు చూపవచ్చు. 1993లో వెలువడిన ఒక పరిశోధన ఈ ఇబ్బంది తప్పే దారి చూపింది. లీష్మానియాలోని కైనెసిన్ అనే ప్రోటీన్‌ను పోలిన ఒక ప్రోటీన్‌లో 39 అమైనో ఆమ్లాల వరుస పదేపదే వస్తుంది. రోగుల యాంటీబాడీలు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. ఆ భాగానికే ఆర్‌కె39 అని పేరు.

దాన్ని తయారుచేసే పని ఈ.కోలై బ్యాక్టీరియాది. ఇలాంటి ప్రోటీన్లకు సాధారణంగా అనుసరించే పద్ధతిలో, కావలసిన జన్యువు ముక్కను ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్‌ఏలో అతికించి బ్యాక్టీరియాలోకి ఎక్కిస్తారు. అనుకూల పరిస్థితుల్లో ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. తగినంత పెరిగాక ఐపీటీజీ అనే రసాయనం కలిపితే జన్యువు పని మొదలుపెడుతుంది. ప్రోటీన్ చివర ముందే చేర్చిన ఆరు హిస్టిడిన్ల తోక నికెల్‌ను అంటిపెట్టుకుంటుంది కనుక, పగిలిన కణాల ద్రవాన్ని నికెల్ నింపిన గొట్టం గుండా పంపితే మిగతా ప్రోటీన్లు చాలావరకు కారిపోతాయి. కొన్ని ప్రోటీన్లు కణంలోనే ముద్దకట్టుకుపోతాయి. వాటిని యూరియాతో కరిగించాలి.

అసలు మెలకువంతా శుద్ధిలోనే ఉంది. ఈ.కోలై మన పేగుల్లోనే బతుకుతుంది. అందువల్ల ఆరోగ్యవంతుల రక్తంలోనూ దాని మీద యాంటీబాడీలు ఉంటాయి. బ్యాక్టీరియా ప్రోటీన్ కొంచెం మిగిలినా పరీక్ష తప్పుదారి పట్టవచ్చు. బ్యాక్టీరియా మన కణాల్లా ప్రోటీన్లకు చక్కెరలు తగిలించలేదు కూడా. అయితే ఇక్కడ యాంటీబాడీలు గుర్తుపట్టేది అమైనో ఆమ్లాల వరుసనే కాబట్టి ఆ లోపం అడ్డురాదు.

శుద్ధి చేసిన ప్రోటీన్‌ను సన్నని పట్టీ మీద గీతగా అద్దుతారు. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో 10 నుంచి 20 నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. రెండు వారాలు దాటిన జ్వరం, పెరిగిన ప్లీహం ఉన్నవారిలో గీత కనిపిస్తేనే దానికి విలువ. ఎందుకంటే నయమయ్యాక కూడా యాంటీబాడీలు నెలలు, ఏళ్ల తరబడి నిలుస్తాయి. అందుకే జబ్బు తిరగబెట్టిందో లేదో ఈ పట్టీ చెప్పలేదు. హెచ్‌ఐవీ కూడా ఉన్నవారిలో యాంటీబాడీలు తక్కువై జబ్బు కనిపించకపోవచ్చు. తూర్పు ఆఫ్రికాలో ఆర్‌కె39 భారత్‌లో ఉన్నంత నమ్మకంగా పనిచేయదు. అందుకే అక్కడి పరాన్నజీవి జన్యువుల ముక్కలను కలిపి ఆర్‌కె28 అనే మరో ప్రోటీన్‌ను కూడా ఈ.కోలైలోనే తయారుచేశారు.