వచ్చిన నీరు పోవాలి

మడ అడవిని పెంచడమంటే మొక్కలు నాటడమే అనుకుంటారు బయటివాళ్లు. కాకినాడ నుంచి కార్లలో వచ్చి, ప్యాంట్లు మడిచి, బురదలో నాలుగు మొక్కలు గుచ్చి, ఫొటో దిగి వెళ్లేవాళ్లను మా తాళ్ళరేవు మండలంలో చాలామందినే చూశాం. మంచివాళ్లే, కాదనను. ఆ మొక్కల్లో చాలావాటికి మరుసటి వేసవి చూసే యోగం మాత్రం ఉండదు.

మా కోరింగ మడని ఒకప్పుడు కూపుల లెక్కన, అంటే ముక్కలుగా విభజించి, నరికించేవారు. ఒక కూపులో చెట్లన్నీ కొట్టేస్తే నేలకి నీడ పోతుంది. ఎండకి బురదలో తడి ఆవిరై, నేల కుంగి, మధ్యలో గుంట పడుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పెద్దపోటు వచ్చినప్పుడు ఆ గుంట నిండుతుంది. పాటు తీసినా నీరు వెనక్కి పోదు. అక్కడే ఎండి ఉప్పు మిగులుతుంది. మళ్లీ పోటు, మళ్లీ ఉప్పు. 1978లో కోరింగ అభయారణ్యమైంది. కానీ అలా ఉప్పు పట్టిన బీళ్లు బీళ్లుగానే ఉండిపోయాయి. మా పెద్దవాళ్లు గేదెలనీ కట్టెలు కొట్టేవాళ్లనీ తిట్టేవారు. తెల్లమడ ఆకంటే గేదెలకి ప్రాణం, నిజమే. అసలు రోగం మాత్రం నీటిది.

దాన్ని పట్టుకుని మందు వేసింది ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ. ముందు తమిళనాడులోని పిచ్చవరంలో, తర్వాత 1990ల చివర్లో మా గోదావరిలోనూ అటు కృష్ణలోనూ, అటవీశాఖతోనూ ఊళ్లలోని సంఘాలతోనూ కలిసి కాలువలు తవ్వించింది. చేపముల్లు చూశారుగా, అదే పద్ధతి: ఏటిపాయ నుంచి ఒక పెద్దకాలువ బీడులోకి వస్తుంది, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. గోడ నిటారుగా తవ్వితే బురద జారిపోతుంది కనుక పైన వెడల్పు, అడుగున ఇరుకు. మొక్కని ఆ వాలు మధ్యలో పెట్టాలి. పోటుకి తడవాలి, పాటుకి ఊపిరాడాలి. బురదలో గాలి ఉండదు కాబట్టే తెల్లమడ చుట్టూ వేర్లు పైకి పొడుచుకొస్తాయి. అవి ఎప్పుడూ నీళ్లలోనే మునిగి ఉంటే చెట్టు చచ్చిపోతుంది.

దారి దొరికితే పోటు నీరే ఉప్పుని కడిగేస్తుంది. తర్వాత మనం నాటనివి కూడా వస్తాయి. తెల్లమడ విత్తనం చెట్టుమీద ఉండగానే మొలక తయారు చేసుకుంటుంది. నీళ్లలో తేలుతూ వచ్చి, తగిన బురద తగిలితే వేరు పెట్టేస్తుంది.

మడ తుపాను నుంచి కాపాడుతుందని అందరూ రాస్తారు. అలల ఉరవడి తగ్గిస్తుంది, నిజమే. 1996 నవంబర్ తుపానులో నడిసముద్రంలో వేటలో ఉన్నవాళ్లకి మాత్రం ఏ చెట్టూ అడ్డు పడలేకపోయింది. మాకు రోజూ పనికొచ్చేది వేరే: రొయ్యపిల్లా, పీతా, పండుగప్పా పెరిగేది ఈ వేళ్ల మధ్యనే.

2023లో మొదలైన కేంద్రం వారి మిష్టి పథకం ఐదేళ్లలో దేశమంతటా సుమారు 540 చదరపు కిలోమీటర్ల మడ అంటోంది. సంతోషం. ఎన్ని మొక్కలు నాటారని కాక ఎంత పూడిక తీశారని లెక్క అడిగితే ఇంకా సంతోషిస్తాను. గోదావరి ఒండ్రు ఎవరికోసమూ ఆగదు, కాలువలు పూడిపోతూనే ఉంటాయి. తవ్వడానికి కూలి డబ్బులు వస్తాయి, పూడికకి వచ్చేసరికి ఉండవు.

దానికి తోడు ఇప్పుడో కొత్త తగవు. కాలువల్లో పీతలు చేరడంతో కొందరు కాలువ మూతికే వలలు కడుతున్నారు. అక్కడ చెత్తా ఒండ్రూ పేరుకుని నీటి దారి మూసుకుపోతోంది. “తవ్వింది మా ఇంటాయన, పట్టుకునేది ఇంకొకళ్లా?” అని మా వీధిలో ఒకావిడ మా ఊరి సంఘాన్నే నిలదీసింది. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. వల కట్టినవాళ్లే ఆ కాలువ పూడిక తీయాలని చివరికి తీర్మానించాం. ఇద్దరు మర్నాడే వలలు విప్పేసుకున్నారు. ఆవిడ మాత్రం పూడికకి ఏ పాటు మంచిదో కనుక్కుని, తన పేరు రాయించుకుని వెళ్లింది.