వర్డ్ ఫైల్లో దాగున్న గుర్తులు

ఎంఎస్ వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, 8 మీటలు కలిపి నొక్కి చూడండి. పేజీ నిండా చుక్కలు, బాణాలు, అద్దంలో చూసిన ఇంగ్లిష్ ‘పి’ లాంటి గుర్తులు ప్రత్యక్షమవుతాయి. ఏదో పాడైందని కంగారు పడక్కర్లేదు. అవి ప్రింటులో రావు. స్పేస్ కొట్టిన చోట చుక్క, ట్యాబ్ కొట్టిన చోట బాణం, ఎంటర్ కొట్టిన చోట ఆ తిరగబడ్డ ‘పి’ కనిపిస్తాయి.

ఆ ‘పి’ పేరా గుర్తు. మధ్యయుగాల్లో ఐరోపా లేఖకులు కొత్త విషయం మొదలయ్యే చోట దాన్ని తరచు ఎర్ర సిరాతో వేసేవారు. వర్డ్‌లో అది పేరా చివర ఉంటుంది. పేరాకు ఎడమ కుడి అమరిక, పంక్తుల మధ్య ఎడం వంటివన్నీ వర్డ్ దాచేది అందులోనే. దాన్ని చెరిపేస్తే రెండు పేరాలు కలిసిపోతాయి, ఒకదాని అమరిక పోతుంది.

టేబుల్లో ప్రతి గడి చివరా నాలుగు మీసాలున్న చిన్న సున్నా ఉంటుంది. అది గడి ముగింపు గుర్తు. ఎంత డిలీట్ కొట్టినా పోదు. మాక్రో, అంటే వర్డ్ చేత పని చేయించే చిన్న ప్రోగ్రాం రాసి గడిలోని మాటను చదివిస్తే, దాని వెనకే 13, 7 అనే రెండు కోడ్‌లు వస్తాయి. గడిలో ‘అవును’ ఉందా అని పోల్చి చూడమంటే, అది స్పష్టంగా కనిపిస్తున్నా మాక్రో కాదనడానికి కారణం ఇదే. అక్షరాలకు అంకెలు కేటాయించే ఆస్కీ పట్టికలో 7 అంటే ఒకప్పటి టెలిటైప్ యంత్రానికి గంట మోగించమని ఆదేశం!

టేబుల్ మొత్తం ఎంచుకుని డిలీట్ కొడితే లోపలి రాత మాత్రమే పోతుంది. బ్యాక్‌స్పేస్ కొడితే టేబులే పోతుంది. గడిలో ట్యాబ్ కావాలంటే కంట్రోల్‌తో కలిపి నొక్కాలి.

బయోడేటా చివర టేబుల్ ఉంటే, దాని వెనక ఖాళీ పేజీ ఒకటి వచ్చి ఎంతకీ వదలదు. ఎందుకంటే టేబుల్ తర్వాత ఒక పేరా ఉండి తీరాలన్నది వర్డ్ నియమం. టేబుల్ పేజీ అడుగు దాకా నిండితే ఆ పేరా తర్వాతి పేజీకి జారుతుంది. దాన్ని ఎంచుకుని అక్షరం సైజు 1 చేసి, పైనా కిందా ఖాళీని సున్నా చేస్తే చాలు, పేజీ మాయం.

తెలుగులో ఇంకో గుర్తుంది, దానికి వెడల్పే లేదు. ‘సాఫ్ట్‌వేర్’లో ‘ట’ పొల్లుకూ ‘వే’కూ మధ్య అది ఉండబట్టే ‘వ’ ఒత్తుగా మారలేదు. ఒకచోట అది పెట్టి, మరోచోట వదిలేస్తే, వెతికినప్పుడు ఒకే మాట ఒకచోట దొరికి మరోచోట దొరక్కపోవచ్చు.

మీ పుస్తకం ఫైలు డీటీపీ వారికి ఇచ్చేముందు ఒక్కసారి ఈ గుర్తులు తెరిచి చూడండి. వరసగా కొట్టిన స్పేస్‌లు, ఖాళీ ఎంటర్‌లు తీసేసి పంపండి. పేజీలు కట్టేవాళ్లకు చాలా శ్రమ తప్పుతుంది.