పంటి గార, ముడ్డిపూస, ఊడిరాని రెండు బోల్టులు

2019లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి బో షియా క్యాబ్‌లో వెళ్తూ ముడ్డిపూసకు దెబ్బ తగిలించుకున్నాడు. తగ్గడానికి ఏడాది పట్టింది. ఆ నొప్పి సంగతి పడ్డవాళ్లకే తెలుసు. కూర్చుంటే బాధ, నలుగురికీ చెప్పుకుంటే నవ్వులాట. షియా మాత్రం అసలు ఆ ఎముక అక్కడెందుకు ఉందని ఆలోచనలో పడ్డాడు. అది మన పూర్వీకుల తోకకు మిగిలిన మొదలు. మరి మిగతా తోక ఏమైనట్టు?

కోతులకు తోక ఉంది. గిబ్బన్, ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, మనిషి... ఈ దాయాదుల్లో ఒక్కరికీ లేదు. తోక పెరుగుదలను నడిపే జన్యువుల్లో టీబీఎక్స్‌టీ ఒకటి. దాన్ని అందరిలోనూ పోల్చి చూస్తే, దాదాపు 300 అక్షరాల డీఎన్ఏ తునక ఒకటి తోకలేని దాయాదులందరిలోనూ కనిపించింది, తోక ఉన్న కోతుల్లో కనిపించలేదు. ఈ రకం తునకల పేరు ‘ఆలు’. బంగాళాదుంపతో వీటికి చుట్టరికమేమీ లేదు. తమకు తామే నకళ్లు తీసుకుని, పిలవని పేరంటానికి వచ్చినట్టు ఎక్కడపడితే అక్కడ దూరిపోవడం వీటి అలవాటు. మన డీఎన్ఏలో పదో వంతు ఇవే. సుమారు రెండున్నర కోట్ల ఏళ్ల కిందట అలాంటి తునక ఒకటి టీబీఎక్స్‌టీలో దూరింది. దాంతో ఆ జన్యువు తయారుచేయించే ప్రొటీన్‌లో ఒక ముక్క తగ్గింది.

ఎలుకల్లో ఇలాగే పొట్టి ప్రొటీన్ తయారయ్యేలా మార్పులు చేసి చూశారు. కొన్ని పొట్టి తోకతో, కొన్ని అసలు తోక లేకుండా పుట్టాయి. 2024 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో ఈ వివరాలు వచ్చాయి. కొన్ని ఎలుకపిల్లలకు వెన్నుపాము సరిగా మూసుకోలేదు. మనుషుల్లోనూ దాదాపు వెయ్యి కాన్పులకు ఒక బిడ్డకు ఈ తరహా లోపం వస్తుంది. తోక పోయినందుకు మన జాతి ఇంకా వాయిదాలు కడుతూనే ఉందేమోనని పరిశోధకుల అనుమానం. అంత నష్టపోయి బావుకున్నదేమిటన్నది మాత్రం ఇంకా తేలలేదు. లంకాదహనం కథ వింటూ పెరిగిన పిల్లలు నిలదీస్తే పెద్దల దగ్గర జవాబు లేదు.

తోక సంగతి అలా ఉంటే, ముఖం కోసం పదిహేనేళ్లు వెతికిన కథ మరొకటి. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన చిటికెన వేలి ఎముక ముక్కలోంచి 2010లో డీఎన్ఏ తీశారు. అది మనదీ కాదు, నియాండర్తల్‌దీ కాదు. డెనిసోవన్లు అని కొత్త పేరు పెట్టారు. టిబెట్ వాసులు కొండల మీద పలచటి గాలితో నెట్టుకురావడానికి తోడ్పడే జన్యు రూపం వీళ్ల నుంచే సంక్రమించిందని 2014లో తేలింది. ఇంత తెలిసినా వాళ్లు ఎలా ఉండేవాళ్లో చెప్పడానికి ఒక్క పుర్రె లేదు. ఫొటో లేని ఆధార్ కార్డు లాంటి వ్యవహారం.

ఫొటో నిజానికి 1933లోనే దొరికింది. చైనాలోని హార్బిన్‌లో వంతెన పనికి వెళ్లిన కూలీ ఒకడు ఆ పుర్రెను చూశాడని, జపాన్ ఆక్రమణదారుల కంటపడకుండా పాడుబావిలో దాచేశాడని, చివరి రోజుల్లో గానీ ఇంట్లోవాళ్లకు చెప్పలేదని ఆ కుటుంబం కథనం. 2018లో అది పరిశోధకుల చేతికి వచ్చింది. 2021లో దాన్ని కొత్త జాతిగా ప్రకటించి, ‘డ్రాగన్ మనిషి’ అని ముద్దుపేరు పెట్టారు. ఆ పుర్రెకు కనీసం 1,46,000 ఏళ్లు. డీఎన్ఏ కోసం శాస్త్రవేత్త ఫూ చియావోమెయ్ బృందం ఎముకను గీకింది, మిగిలిన ఒకే ఒక్క పన్నును గీకింది. లాభం లేకపోయింది. చివరికి ఆ పంటి మీద గట్టిపడిన గారలో దొరికింది! చెవి దగ్గరి ఎముకలో మిగిలిన ప్రొటీన్లూ వంత పాడాయి. డ్రాగన్ మనిషి డెనిసోవనేనని 2025 జూన్‌లో ప్రకటించారు. ఆయన శుభ్రంగా పళ్లు తోముకునే మనిషై ఉంటే ఆ గార మిగిలేది కాదు. ఈ ముక్క పిల్లల కంట పడకపోవడం మంచిది.

ఇక ఆకాశం సంగతి. బెన్నూ అనే గ్రహశకలం నుంచి గుప్పెడు మట్టి తేవడానికి నాసా 2016లో ఒసైరిస్-రెక్స్ నౌకను పంపింది. 2020లో అది చెయ్యి చాచి తాకితే, గట్టి నేల అనుకున్నది కాస్తా అర మీటరు లోతుకు దిగబడింది. కంకర ఎంత పట్టిందంటే రాళ్లు అడ్డుపడి మూత పడలేదు. మొత్తానికి 620 కోట్ల కిలోమీటర్లు తిరిగి, 2023 సెప్టెంబరు 24న ఆ సరుకు యూటా ఎడారిలో దిగింది. హ్యూస్టన్ ప్రయోగశాలలో విప్పబోతే 35 బోల్టుల్లో రెండు ఊడిరాలేదు. సుత్తితో ఒక్కటేద్దామంటే కుదరదు. భూమి మీది మురికి అంటకుండా నైట్రోజన్ నింపిన పెట్టెలో, అనుమతించిన పనిముట్లే వాడాలి. ప్రత్యేకంగా కొత్తవి తయారుచేసి 2024 జనవరిలో విప్పారు. 60 గ్రాములు చాలనుకుంటే 121.6 గ్రాములు దక్కాయి.

ఆ మట్టిలో ఏముందో 2025 జనవరిలో చెప్పారు. జీవులు ప్రొటీన్ల తయారీకి వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్ఏ, ఆర్ఎన్ఏల్లోని అయిదు క్షారాలూ ఉన్నాయి. ఉప్పునీరు ఇగిరిపోగా మిగిలే ట్రోనా ఉంది. చౌడు నేలల్లో తెల్లగా పొంగే సోడా ఉప్పులకు అది దగ్గరి చుట్టం. అంటే బెన్నూ ఏ పెద్ద శకలం నుంచి విడివడిందో దాని కడుపులో ఒకప్పుడు ఉప్పునీటి మడుగులుండేవన్నమాట. జీవం దొరకలేదు, ముడిసరుకు దొరికింది. ఒక చిక్కూ వచ్చిపడింది. కుడి, ఎడమ చేతుల్లా రెండు వాటాల్లో ఉండే అమైనో ఆమ్లాల్లో భూమి మీద జీవులు ప్రొటీన్లకు ఎడమవాటం వాటినే వాడతాయి. ఆ వాటం ఉల్కలతో వచ్చి ఉంటుందని ఒక సిద్ధాంతం. బెన్నూ మట్టిలో మాత్రం కుడీ ఎడమా దాదాపు సమానంగా ఉన్నాయి.

సరుకు దించేసి వెళ్లిన నౌకకు విశ్రాంతి లేదు. పేరు మార్చి అపోఫిస్ అనే మరో శకలం మీదికి పంపారు. ఆ శకలం 2029 ఏప్రిల్ 13న భూమికి దాదాపు 32,000 కిలోమీటర్ల దూరంలో, అంటే మన టీవీ ఉపగ్రహాల కన్నా దగ్గరగా, వెళ్తుంది. కనీసం వందేళ్ల దాకా అది భూమిని ఢీకొనదని నాసా 2021లోనే లెక్క తేల్చింది. పదమూడో తేదీ, పైగా శుక్రవారం కావడంతో పాశ్చాత్యుల్లో కొందరికి గుబులు. మన గడియారాల్లో అప్పటికి శనివారం తెల్లవారుజామున మూడుంపావు దాటుతుంది. అమావాస్య రాత్రి కూడాను. ఆ వారం టీవీ జ్యోతిష్కులకు చేతినిండా పనే.