లోపం వైరులోనా, పోర్టులోనా? పాత పీసీల విశేషాలు

హైదరాబాద్‌లో విద్యానగర్, ఉస్మానియా క్యాంపస్, తార్నాక. ఈ దారిలో చదువుకునేవాళ్లు, టైపు చేసేవాళ్లు, ప్రయోగాలు చేసేవాళ్లు ఎందరో. సీనియర్ వెళ్తూ వెళ్తూ అమ్మిన సిస్టమ్ మీదే థీసిస్ రాసుకునే విద్యార్థులు ఉంటారు. ఏళ్లనాటి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌తోనే బిల్లులు కొట్టే దుకాణాలు ఉంటాయి. మౌస్ కదలకపోతేనో, ప్రింటర్ పలకకపోతేనో కొత్తది కొనమని చెప్పడం చాలా తేలిక. కానీ ఎక్కువసార్లు తెగేది మధ్యలోని కనెక్షనే. ప్రతి పోర్టు వెనుకా ఒక లెక్క ఉంది. అది తెలిసినవాళ్ల చేతిలో పాత సిస్టమ్ ఇంకా చాన్నాళ్లు పనిచేస్తుంది. అలాంటి లెక్కలు కొన్ని చూద్దాం.

తార్నాక అవతలే తొలి అడుగులు

మన దేశంలో కంప్యూటర్ల తయారీకి తొలి చిరునామాల్లో ఒకటి తార్నాక దాటి ఈశాన్యంగా వెళ్తే వచ్చే ఈసీఐఎల్. అణుశక్తి విభాగం కింద 1967లో హైదరాబాద్‌లో ఈ సంస్థ ఏర్పడింది. టీడీసీ-12 కంప్యూటర్ 1969లో వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. ఆ తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. ఆ కాలపు యంత్రాలకు ప్రింటర్ తగిలించాలన్నా, టేపు రీడర్ తగిలించాలన్నా దేనికి దానికే ప్రత్యేకమైన కార్డు కావాలి. ఏ వస్తువైనా ఏ కంప్యూటర్‌కైనా ఒకే తీరుగా అతికే రోజు రావడానికి మరో పాతికేళ్లు పట్టింది.

క్యాబినెట్ తాకితే జిల్లుమంటోందా?

సీపీయూ డబ్బాను తాకితే సన్నగా షాక్ కొడుతోందంటే మీ ప్లగ్ పాయింటుకు ఎర్తింగ్ లేదని అర్థం. పాత ఇళ్లలో సాకెట్టుకు మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనుక వైరు ఉండకపోవచ్చు. అప్పుడు ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై)లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల డబ్బా మీద 230 వోల్టుల్లో సగం, అంటే దాదాపు 115 వోల్టులు తేలుతుంటాయి. పారే కరెంటు చాలా తక్కువే. కానీ ఎర్తింగ్ ఉన్న మరో పరికరానికి వైరు కలిపిన క్షణంలో అది సిగ్నల్ పిన్నుల గుండా పోయి పోర్టులోని చిప్పును కాల్చగలదు. అందుకే ప్రింటర్, మానిటర్ వైర్లు పెట్టే ముందు రెండు ప్లగ్గులూ గోడ నుంచి తీసేయండి. ఎర్తింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించుకోండి.

ఊదా రంగు కీబోర్డుకు, ఆకుపచ్చ మౌస్‌కు

ఆరు పిన్నుల గుండ్రటి పీఎస్/2 పోర్టును ఐబీఎం 1987లో తెచ్చింది. కీబోర్డు, మౌస్ పోర్టులు అచ్చం ఒకేలా ఉంటాయి, వోల్టేజీ కూడా ఒకటే. ఒకదాని చోట మరొకటి పెడితే ఏదీ కాలదు, చాలా సిస్టముల్లో ఏదీ పనిచేయదు కూడా. ఆ అయోమయం పోవడానికే రంగులు వచ్చాయి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి రాసిన పీసీ 99 నిబంధనల్లో మానిటర్‌కు నీలం, మైకుకు గులాబీ రంగు కూడా ఖాయమయ్యాయి. సిస్టమ్ నడుస్తుండగా పీఎస్/2 వైరు పీకి పెట్టకూడదు. కొన్ని మదర్‌బోర్డుల్లో ఆ పోర్టుకున్న చిన్న ఫ్యూజు ఎగిరిపోతుంది. అప్పుడు ఎన్ని కీబోర్డులు మార్చినా ఒక్కటీ వెలగదు.

ఒక మౌస్‌కు పనిచేసిన అడాప్టర్ మరోదానికి ఎందుకు చేయదు?

యూఎస్‌బీ మౌస్‌ను పీఎస్/2 పోర్టుకు కలిపే చిన్న ఆకుపచ్చ అడాప్టర్‌లో తీగలు తప్ప ఏమీ ఉండవు. రెండు పద్ధతుల్లోనూ నడవగల చిప్పు మౌస్‌లోనే ఉండాలి. అది లేని మౌస్‌కు ఈ అడాప్టర్ ఎన్ని షాపుల్లో కొన్నా ఉపయోగం లేదు. మౌస్‌తో పాటు అదే డబ్బాలో వచ్చిన అడాప్టర్‌ను పారేయకండి.

తెర రంగే రోగం చెబుతుంది

మానిటర్‌లో తెల్లని పేజీ పసుపుగా కనిపిస్తే నీలం సిగ్నల్ అందడం లేదు. గులాబీగా మారితే ఆకుపచ్చ సిగ్నల్, నీలి ఆకుపచ్చగా మారితే ఎరుపు సిగ్నల్ తెగింది. 15 పిన్నుల వీజీఏ కేబుల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసగా 1, 2, 3 పిన్నుల్లో వస్తాయి. కాబట్టి పిక్చర్ ట్యూబు పోయిందని బెంగపడే ముందు కేబుల్ విప్పి ఆ మూడు పిన్నుల్లో ఏదైనా వంగిందేమో చూడండి. 9వ పిన్ను లేకపోతే కంగారు వద్దు. చాలా కేబుళ్లలో అది తయారీలోనే పెట్టరు.

మోడెమ్ డయల్ చేస్తే మౌస్ బిగుసుకుపోయేది

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది. ఆ రోజుల్లో ఎందరినో ఏడిపించిన సమస్య ఇది: మోడెమ్ డయల్ చేయగానే మౌస్ ఆగిపోయేది. కారణం ఐఆర్‌క్యూ, అంటే ఒక పరికరం ప్రాసెసర్‌ను పిలిచే లైను. కామ్1, కామ్3 అనే సీరియల్ పోర్టులు రెండూ 4వ లైనునే వాడతాయి. కామ్2, కామ్4 పోర్టులది 3వ లైను. మౌస్ కామ్1లో ఉండగా మోడెమ్‌ను కామ్3లో పెడితే గొడవ ఖాయం. మోడెమ్‌ను కామ్2కు మారిస్తే రెండూ హాయిగా నడిచేవి.

ల్యాబుల్లో ఇంకా బతికున్న 1960 నాటి పద్ధతి

ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ పుట్టింది 1929లో. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ మూలాలు 1944 నాటివి. జాతీయ పోషకాహార సంస్థ కూనూరు నుంచి హైదరాబాద్‌కు 1958లో తరలివచ్చింది. ఇలాంటి సైన్సు సంస్థల్లో వాడే తూకాలు, స్పెక్ట్రోఫోటోమీటర్ల వంటి పరికరాలకు దశాబ్దాల పాటు కంప్యూటర్‌తో సంబంధం సీరియల్ పోర్టు ద్వారానే. దాని ఆధారం ఆర్ఎస్-232 ప్రమాణం. అది తొలిసారి వెలువడింది 1960లో. ఖరీదైన పరికరానికి రాసిన సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లోనే నడుస్తుంటే, ఆ పాత పీసీని కాపాడుకోవడమే ల్యాబుకు లాభం.

సీరియల్ పోర్టు బాగుందో లేదో చూడటానికి ఒక చిన్న తీగ ముక్క చాలు. 9 పిన్నుల పోర్టులో 2వ పిన్ను వినేది, 3వది పలికేది. పరికరం వైరు తీసేసి ఆ రెంటినీ తీగతో కలిపి, విండోస్ ఎక్స్‌పీలోని హైపర్‌టెర్మినల్‌లో ఫ్లో కంట్రోల్ తీసేసి ఏదైనా టైప్ చేయండి. టైప్ చేసిన అక్షరమే తెర మీదికి తిరిగి వస్తే పోర్టు భేషుగ్గా ఉంది. లోపం కేబుల్‌లోనో అవతలి పరికరంలోనో వెతకాలి.

పిచ్చి గుర్తులు వస్తున్నాయంటే మంచి సంగతే

8051 మైక్రోకంట్రోలర్ కిట్ తగిలించినప్పుడు తెర మీద అర్థంకాని గుర్తులు వస్తే విద్యార్థులు బెదిరిపోతారు. నిజానికి అది శుభవార్త. వైరు బాగుంది, డేటా వస్తోంది. బాడ్ రేటు, అంటే డేటా పంపే వేగం మాత్రమే కలవడం లేదు. కిట్ 9600లో పంపుతుంటే కంప్యూటర్ కూడా 9600లోనే వినాలి. అసలేమీ రాకపోతేనే 2, 3 పిన్నులు తారుమారయ్యాయేమో చూడాలి.

నకిలీ చిప్పులను కొత్త డ్రైవర్ పసిగట్టింది

సీరియల్ పోర్టు లేని సిస్టమ్‌కు యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్ వాడతాం. 2014 అక్టోబరులో అలాంటి చిప్పులు చేసే ఎఫ్‌టీడీఐ సంస్థ డ్రైవర్, విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చేసింది. నిన్నటిదాకా నడిచిన కేబుళ్లు మూగబోయాయి. గొడవ పెద్దదయ్యాక ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. అప్‌డేట్ అయిన మర్నాడే కేబుల్ పనిచేయడం మానేసిందంటే ముందు అనుమానించాల్సింది డ్రైవర్‌నే.

కంప్యూటర్ లేకుండానే ప్రింటర్‌కు పరీక్ష

ఎప్సన్ ఎల్ఎక్స్-300 వంటి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లలో లైన్ ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే అది తనంతట తానే అక్షరాలు కొట్టి చూపిస్తుంది. ఆ అక్షరాలు శుభ్రంగా వస్తే ప్రింటర్, రిబ్బను, హెడ్డు అన్నీ బాగున్నట్టే. ఇక చూడాల్సింది కేబుల్, పోర్టు, డ్రైవర్. ఈ ఒక్క పరీక్ష మెకానిక్ ఖర్చును ఆదా చేస్తుంది. ఇన్నేళ్లయినా ఈ ప్రింటర్లు బతికుండటానికి ఒక గట్టి కారణం ఉంది. పిన్నులు కాగితాన్ని కొడతాయి కాబట్టి కార్బన్ కాపీలు ఒకేసారి వస్తాయి. ఇంక్‌జెట్, లేజర్ ప్రింటర్లకు అది చేతకాదు.

డీటీపీ సెంటర్‌లో తాళం

తెలుగు, ఇతర భారతీయ భాషల డీటీపీ సాఫ్ట్‌వేర్లు కొన్ని డాంగిల్ అనే తాళంతో వచ్చేవి. 25 పిన్నుల ఆ చిన్న దిమ్మను ప్రింటర్ పోర్టుకు పెట్టి, దాని వెనుక ప్రింటర్ కేబుల్ తగిలించాలి. అది కనబడకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. వెనుక ఉన్న ప్రింటర్ ఆపేసి ఉంటే కొన్నిసార్లు తాళం కూడా పలకదు. అప్పుడు ప్రింటర్ ఆన్ చేసి చూడాలి. ఇంకో సంగతి: యూఎస్‌బీ నుంచి ప్రింటర్ పోర్టుకు మార్చే కేబుల్‌తో ప్రింటర్ నడుస్తుంది గానీ ఈ తాళం నడవదు. ఆ కేబుల్ నిజమైన ప్రింటర్ పోర్టును, అంటే ఎల్‌పీటీ పోర్టును ఇవ్వదు. అలాంటి తాళం ఉన్నవాళ్లు ఎల్‌పీటీ పోర్టున్న పాత మదర్‌బోర్డును వదులుకోకూడదు.

యూఎస్‌బీ వెనుక మనవాడు

యూఎస్‌బీని రూపొందించిన ఇంటెల్ బృందానికి సారథి అజయ్ భట్. బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివారు. మొదటి ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. ఎవరైనా వాడుకునేలా ఇంటెల్ దాన్ని రాయల్టీ లేకుండా వదిలింది. అంతటి యూఎస్‌బీకీ ఆరంభంలో కష్టాలు తప్పలేదు. 1998 ఏప్రిల్ 20న షికాగోలో కామ్‌డెక్స్ ప్రదర్శనలో, బిల్ గేట్స్ వేదిక మీద ఉండగా విండోస్ 98 సిస్టమ్‌కు స్కానర్ తగిలించగానే నీలి తెర ప్రత్యక్షమైంది.

నాలుగు కాంటాక్టుల్లో రెండు పొడుగు

యూఎస్‌బీ ప్లగ్గులో నాలుగు కాంటాక్టులుంటాయి. చివరి రెండూ కరెంటుకు, మధ్య రెండూ డేటాకు. కరెంటువి కాస్త పొడుగ్గా ఉంటాయి. దానివల్ల ముందు కరెంటు అంది, ఆ తర్వాతే డేటా మొదలవుతుంది. నడుస్తున్న సిస్టమ్‌కు భయం లేకుండా తగిలించగలగడానికి ఇదో కారణం. పోర్టు వదులైతే లైటు వెలుగుతూనే పెన్‌డ్రైవ్ కనబడకపోవడానికీ ఇదే కారణం: కరెంటు అందుతోంది, డేటా అందడం లేదు.

హార్డ్‌డిస్క్ టిక్కు టిక్కుమంటోందా?

యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సిన కరెంటు 500 మిల్లీ ఆంపియర్లు. బయటి హార్డ్‌డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువ అడగవచ్చు. అందనప్పుడు టిక్కుటిక్కుమని ఆగిపోతుంది. డిస్కు పోయిందని హడలిపోకండి. ముందు క్యాబినెట్ ముఖాన ఉన్న పోర్టు వదిలి వెనుక పోర్టుకు మార్చండి. ముందు పోర్టులు లోపల ఒక వైరు ద్వారా మదర్‌బోర్డుకు వస్తాయి, వెనుకవి బోర్డు మీదే ఉంటాయి. అసెంబుల్డ్ సిస్టముల్లో ఆ లోపలి వైరు తప్పుగా పెడితే పెన్‌డ్రైవ్ కాలిపోయే ప్రమాదం కూడా ఉంది.

శబ్దం వస్తుంది, డ్రైవ్ కనబడదు

విండోస్ ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్ పెడితే టింగుమని మోగుతుంది, మై కంప్యూటర్‌లో మాత్రం కనిపించదు. తరచూ కారణం డ్రైవ్ అక్షరం. ఆఫీసు నెట్‌వర్కులో ఒక ఫోల్డర్ ఆ అక్షరాన్ని ముందే తీసేసుకుని ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి పెన్‌డ్రైవ్‌కు వేరే అక్షరం ఇస్తే సరి. విండోస్ 98 అయితే పెన్‌డ్రైవ్‌కు విడిగా డ్రైవర్ వేసుకోవాల్సిందే. ఆ సౌకర్యం సిస్టమ్‌తోనే రావడం 2000లో విండోస్ మీ, విండోస్ 2000తో మొదలైంది.

షట్‌డౌన్ చేసినా నిద్రపోదు

1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి సిస్టములకు షట్‌డౌన్ చేసినా 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకే బిగుసుకుపోయిన యూఎస్‌బీ పరికరం రీస్టార్ట్‌తో తేరుకోకపోవచ్చు. ప్లగ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, కాసేపు ఆగి మళ్లీ పెట్టండి. డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 చూపించే పరికరాలు కొన్ని దీనితోనే దారిలోకి వస్తాయి. కోడ్ 28 అయితే డ్రైవర్ వేయలేదని అర్థం, కోడ్ 10 అయితే పరికరం మొదలు కాలేకపోయిందని అర్థం.

బిళ్ల అయిపోతే సెట్టింగులూ పోతాయి

మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ పేరులోనే దాని కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. ఆ 3 వోల్టుల బిళ్ల అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, బయోస్‌లో మీరు మార్చుకున్న పోర్టుల సెట్టింగులు కూడా చెరిగిపోతాయి. నిన్న నడిచిన ప్రింటర్ లేదా స్కానర్ ఇవాళ మొరాయిస్తుంటే మూలన గడియారం చూడండి. తేదీ తప్పుగా ఉంటే ముందు బిళ్ల మార్చండి.

అన్నిటికన్నా చవకైన పరికరం పక్క గదిలో

ఎన్ని లెక్కలు తెలిసినా లోపాన్ని పట్టే అసలు పద్ధతి ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం. ముందు కరెంటు, తర్వాత కేబుల్, తర్వాత పోర్టు, చివరికి డ్రైవర్. రెండు ఒకేసారి మారిస్తే బాగుపడినా ఏది పాడైందో తెలియదు. పరికరాన్ని పక్క గదిలో మిత్రుడి సిస్టమ్‌కు పెట్టండి. అక్కడ నడిస్తే పరికరం క్షేమం, అక్కడా నడవకపోతేనే కొత్తది కొనండి. హాస్టల్‌లో ఉండేవాళ్లకు ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఆ మిగిలిన డబ్బు ఒక పుస్తకానికో, పరీక్ష ఫీజుకో పనికొస్తుంది.